యోరుబా బంధుభాషలు: గీతలు గీసింది మాటలా, చరిత్రా?

19వ శతాబ్దం తొలి సగంలో, అట్లాంటిక్ తీరాన పట్టుబడ్డ బానిస ఓడలలోని మనుషులను బ్రిటిష్ నౌకాదళం సియెర్రా లియోన్‌లోని ఫ్రీటౌన్‌లో దింపేది. పశ్చిమ ఆఫ్రికా నలుమూలల నుంచి దొంగిలించి తెచ్చిన ప్రజలు ఆ ఒక్క ఊరిలో వీధికొక భాషగా బతికారు. జర్మనీ నుంచి వచ్చిన మిషనరీ సిగిస్మండ్ కోల్లె వారిలో ఎందరినో కూర్చోబెట్టి, అందరినీ దాదాపు మూడు వందల మాటల ఒకే పట్టిక అడిగి రాసుకున్నాడు. 1854లో అచ్చయిన ఆ పట్టికలలో ఎగ్బా, ఇజెషా, ఇజెబు, ఇఫె, ఓండో, యాగ్బా వంటి, నేటి నైజీరియాకు చెందిన పన్నెండు పలుకుబడులు ఒక వరుసలో కనిపిస్తాయి. వాటి పక్కనే నైజర్ నది తూర్పు ఒడ్డున మాట్లాడే ఇగలా ఉంది. మొత్తం గుంపునకు కోల్లె పెట్టిన పేరు ‘అకు–ఇగలా’. ఫ్రీటౌన్‌లో ఈ జనాన్ని అప్పట్లో ‘అకు’లనే పిలిచేవారు. వారి పలకరింపులన్నీ ‘ఎ కు’ అని మొదలవడమే అందుకు కారణం.

ఆ పట్టికను ఇప్పుడు చూస్తే ఒక విషయం కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. ఈనాడు నైరుతి నైజీరియాలో ప్రధాన భాష పేరయిన ‘యోరుబా’, కోల్లె వరుసలో పన్నెండింటిలో ఒకటి మాత్రమే. ఓయో రాజ్యపు ప్రజల మాటకే ఆనాడు ఆ పేరు. ఇత్సెకిరి కూడా ఆ పన్నెండింటిలోనే, ఎగ్బా ఇజెబుల సరసనే ఉంది. నూట డెబ్భై ఏళ్ల తరువాత పరిస్థితి వేరు. పదకొండు పలుకుబడులు ‘యోరుబా మాండలికాలు’ అయ్యాయి. ఇత్సెకిరి వేరే భాష అయింది. మధ్యలో మారింది మాటల పోలిక కాదు. రాజ్యాలు, బైబిలు అనువాదాలు, బడులు, సరిహద్దులు కలిసి ఈ విభజన చేశాయి. యోరుబా బంధుభాషల కథలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే.

నేటి భాషాశాస్త్రం ఈ శాఖను యోరుబాయిడ్ అంటుంది. నైజర్–కాంగో మహాకుటుంబంలోని బెనువే–కాంగో విభాగంలో దీని చోటు. భాషావేత్త జోసెఫ్ గ్రీన్‌బర్గ్ 1963లో దీనిని అదే మహాకుటుంబంలోని క్వా అనే మరో శాఖలో చేర్చాడు కానీ, ఆ తరువాతి పరిశోధకులు అక్కడి నుంచి ఇటు మార్చారు. యోరుబాయిడ్‌లో మొదటి చీలిక ఇగలాకూ మిగిలిన అన్నిటికీ మధ్య వస్తుంది. ఆ మిగిలిన వాటిని కలిపి ఎడెకిరి అంటారు. యోరుబా, ఇత్సెకిరి, ఒలుకుమి, బెనిన్ టోగో దేశాలలోని ఎడె భాషలు ఇందులోకి వస్తాయి. యోరుబాను నాలుగు కోట్లకు పైగా జనం మాట్లాడతారు. ఇగలా మాట్లాడేవారు ఇరవై లక్షల మేర ఉంటారు, ఇత్సెకిరి వారు కొన్ని లక్షలు, ఒలుకుమి వారు కొన్ని వేలు. ఈ అంకెల మధ్య ఉన్న అగాధమే మిగతా భాషలను చూపుకు ఆనకుండా చేస్తోంది. పెద్ద భాషను మూలంగానూ, చిన్న భాషలను దాని నుంచి చెదిరిపడిన ముక్కలుగానూ ఊహించుకోవడం చాలామందికి అలవాటు. ఆధారాలు చెప్పేది దాదాపు దానికి వ్యతిరేకం.

ముందు యోరుబా ఎలా ఒక్కటయిందో చూడాలి. ఓసోగున్ అనే ఊరిలో పుట్టిన అజాయి అనే కుర్రవాడిని 1821లో దాడిచేసి ఎత్తుకుపోయారు. మరుసటి ఏడు అతడిని మోస్తున్న పోర్చుగీసు ఓడను బ్రిటిష్ వారు పట్టుకుని ఫ్రీటౌన్‌కు చేర్చారు. ఆ కుర్రవాడే తరువాత సామ్యూల్ అజాయి క్రౌథర్ అయ్యాడు. 1843లో యోరుబా పదకోశం వెలువరించాడు, 1864లో ఆంగ్లికన్ చర్చిలో తొలి ఆఫ్రికన్ బిషప్ అయ్యాడు. ఆయన నాయకత్వంలో సాగిన బైబిలు అనువాదం 1884 నాటికి పూర్తయింది. ఓసోగున్ ఓయో ప్రాంతపు ఊరు కనుక ఆయన మాట ఓయో మాట. క్రైస్తవ మిషన్ కేంద్రం మాత్రం ఎగ్బాల నగరమైన అబెయోకుటాలో ఉండేది. 1859లో మిషనరీ హెన్రీ టౌన్సెండ్ ‘ఇవె ఇరోహిన్’ అనే యోరుబా పత్రికను అక్కడే ప్రారంభించాడు. 1875లో లాగోస్‌లో జరిగిన సమావేశం అక్షరక్రమాన్ని ఖరారు చేసింది. ఓయో వ్యాకరణం, ఎగ్బా లాగోస్ ప్రాంతాల వాడుక, మిషన్ అచ్చుయంత్రం కలిసి ప్రామాణిక యోరుబాను తయారుచేశాయి. ఇళ్లు పోగొట్టుకుని పరాయి రేవులో కలుసుకున్న మనుషులు తమలో తాము పోలికలు గుర్తుపట్టి, ఒక ఉమ్మడి పేరు కిందికి చేరిన క్రమం ఇది. వివిధ ఊళ్ల బందీలు ఫ్రీటౌన్‌లో ఒకచోట పడకపోయి ఉంటే, తూర్పున ఉన్న ఎకిటి వారూ ఎగ్బాలూ తమను ఒకే భాష మాట్లాడేవారిగా భావించుకోవడానికి ఇంకెంత కాలం పట్టేదో.

ఆ కూడికలోకి ఇత్సెకిరి రాలేదు. నైజర్ డెల్టా పశ్చిమ భాగంలో, వార్రి చుట్టూ ఉన్న వాగులూ మడ అడవుల మధ్య ఇత్సెకిరుల ఊళ్లు ఉన్నాయి. బెనిన్ రాజవంశానికి (ఇది నేటి నైజీరియాలోని పాత రాజ్యం, బెనిన్ దేశం కాదు) చెందిన గినువా అనే రాకుమారుడు 15వ శతాబ్దం చివర అక్కడికి వచ్చి రాజ్యం నెలకొల్పాడని వారి సంప్రదాయం చెబుతుంది. రాజవంశం ఎడో భాష మాట్లాడే బెనిన్ నుంచి వచ్చింది, ప్రజల భాష మాత్రం యోరుబా వైపుది. ఎడో నుంచి కొలువు మాటలెన్నో వచ్చి చేరాయి. పోర్చుగీసులతో వర్తకం కూడా గట్టిగానే సాగింది. 17వ శతాబ్దం ఆరంభంలో ఇక్కడి రాకుమారుడు డోమింగోస్ పోర్చుగల్‌లో చదువుకుని తిరిగివచ్చి ఓలు, అంటే రాజు, అయ్యాడు. సొంత రాజు, సొంత రేవు, సొంత విదేశాంగ సంబంధాలు ఉన్న జాతి మాటను ఎవరూ మాండలికం అనరు. ఇత్సెకిరి వేరే భాషగా లెక్కకు వచ్చింది అందువల్లనే కానీ, అది మిగతా వాటికి దూరంగా జరిగినందువల్ల కాదు.

దీనికి మాటల్లోనే సాక్ష్యం ఉంది. ప్రామాణిక యోరుబాలో బిడ్డను ‘ఒమొ’ అంటారు. ఇత్సెకిరిలో అది ‘ఒమా’. ఇగలాలో కూడా ‘ఒమా’ అనే అంటారు. ఆగ్నేయ యోరుబా ప్రాంతంలోని ఓండో, ఇకాలె వంటి మాండలికాలలోనూ ‘ఒమా’ వినిపిస్తుంది. కంటికి ప్రామాణిక రూపం ‘ఒజు’. ఇత్సెకిరి, ఇగలాలతో పాటు ఎకిటి వంటి తూర్పు మాండలికాలలో ‘ఎజు’. అంటే ఓండో రైతు మాట కొన్ని విషయాల్లో ఓయో మాటకన్నా ఇత్సెకిరి జాలరి మాటకే దగ్గర. అయినా లెక్కల్లో ఓండో, ఓయో ఒక భాష, ఇత్సెకిరి మరో భాష.

ఇక్కడ తెలుగు లిపి పరిమితి ఒకటి చెప్పాలి. ఈ భాషల్లో ఎ, ఒ అచ్చులకు నోరు ఎక్కువగా తెరిచి పలికేవి, తక్కువగా తెరిచి పలికేవి అని రెండేసి రకాలున్నాయి. యోరుబా రాతలో వాటిని అక్షరం కింద చుక్కతో వేరు చేస్తారు. తెలుగులో రాస్తే ఆ తేడా పోతుంది. ‘క’, ‘ప’లను ఒకే క్షణంలో కలిపి పలికే హల్లు, ‘గ’, ‘బ’లను అలాగే కలిపి పలికే హల్లు కూడా ఉన్నాయి. అన్నిటికన్నా ముఖ్యం స్వరస్థాయి. యోరుబాలో ఎగువ, మధ్యమ, దిగువ స్థాయిలు మూడున్నాయి. వినడానికి ‘ఒకొ’ అన్నట్టే ఉండే మాట స్థాయి మారితే భర్త అవుతుంది, పార అవుతుంది, వాహనం అవుతుంది. ఈ వ్యాసంలోని ఉదాహరణలను ఆ మేరకు సగం బొమ్మగానే చూడాలి.

చిన్న భాషల విలువ బాగా తెలిసేది పాత రూపాల దగ్గర. ప్రామాణిక యోరుబాలో ఏ మాటా ‘ఉ’తో మొదలుకాదు. ఇల్లు అక్కడ ‘ఇలె’. ఎకిటి వైపు వెళ్తే అదే ‘ఉలె’ అవుతుంది. ఇగలాలో ‘ఉన్యి’. ప్రామాణిక భాషను మాత్రమే చదివినవారు ఈ కుటుంబానికి మొదటి నుంచీ మాట మొదట్లో ‘ఉ’ లేదనుకుంటారు. ఇగలా, ఎకిటి రూపాలతో పోల్చి చూస్తే ఉన్నదే పోయిందని తెలుస్తుంది. పది అనే సంఖ్య ఇంకో ఉదాహరణ. యోరుబాలో ‘ఎవా’, ఇగలాలో ‘ఎగ్వా’. పాత ‘గ్వ’ ధ్వని ఓయో వైపు అరిగిపోయి ‘వ’లో కలిసింది, ఇగలా దాన్ని నిలుపుకుంది. నాలుగుకు యోరుబాలో ‘ఎరిన్’, ఇగలాలో ‘ఎలె’. అయిదుకు ‘అరున్’, ‘ఎలు’. ఒకదానిలో ‘ర’ ఉన్నచోట రెండోదానిలో ‘ల’ వస్తోంది. రెండు ‘ఎజి’గా, మూడు ‘ఎటా’గా, ఆరు ‘ఎఫా’గా రెండింటిలోనూ ఉన్నాయి. అరువు తెచ్చుకున్న మాటలు ఇంత క్రమం తప్పకుండా ఒకదానికొకటి జవాబు చెప్పవు. ఒకే తల్లిభాష ఉండేదని నిరూపించేది ఈ క్రమమే. ఆ తల్లిభాష రూపాలను తిరిగి కట్టాలంటే నాలుగు కోట్ల మంది మాట్లాడే భాష ఒక్కటీ చాలదు, ఇగలా లేకపోతే సగం ఆధారాలు ఉండవు.

ఈ కుటుంబం పుట్టిల్లు ఎక్కడ అన్న ప్రశ్న కూడా ఇగలా దగ్గరికే తీసుకెళ్తుంది. యోరుబా సంప్రదాయంలో ఇలె–ఇఫె నగరం జగత్తుకు మొదలు. మూలపురుషుడు ఒడుడువా సంతతి అక్కడి నుంచి బయలుదేరి రాజ్యాలు స్థాపించిందని కథ. రాజవంశాల వ్యాప్తి గురించి ఆ కథలో నిజం చాలానే ఉండవచ్చు, ఇఫెలోని కంచు, ఇత్తడి శిల్పాలు ఆ నగరపు వైభవాన్ని చెప్పకనే చెబుతాయి. భాషల వ్యాప్తి మాత్రం అంతకన్నా చాలా పాతది. భాషాశాస్త్రంలో ఒక సాధారణ సూత్రం ఉంది. ఒక కుటుంబంలో పెద్ద చీలికలు ఏ ప్రాంతంలో దగ్గరదగ్గరగా కనిపిస్తాయో, ఆ కుటుంబం అక్కడే ఎక్కువ కాలం ఉండి ఉండాలి. నైజర్, బెనువే నదులు లొకోజా దగ్గర కలుస్తాయి. ఆ సంగమం చుట్టూ యోరుబాయిడ్‌తో పాటు నుపె, ఎడో, ఇగ్బో, ఇడోమా శాఖల భాషలు ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. ఇగలా రాజధాని ఇడా ఆ సంగమానికి దిగువనే ఉంది. సంగమానికి పడమట యాగ్బా, ఓవొరో వంటి ఈశాన్య యోరుబా మాండలికాలు ఉన్నాయి. పడమటికి పోయేకొద్దీ తేడాలు తగ్గుతాయి. ఓయో మైదానాల్లో వందల కిలోమీటర్ల పొడవునా మాట దాదాపు ఒకేలా ఉంటుంది. పడమటి వ్యాప్తి ఇటీవలిదనీ, వేర్లు తూర్పున ఉన్నాయనీ దీని అర్థం. ఇగలా, యోరుబాల ఎడబాటు రెండు వేల ఏళ్లకు అటూఇటూ అన్న అంచనాలున్నాయి. మాటల అరుగుదలను బట్టి వేసే ఇటువంటి కాల గణనలను గట్టి తేదీలుగా తీసుకోకూడదు. చీలికల వరుస మాత్రం నమ్మదగినదే.

సంఖ్యల దగ్గర ఇంకాస్త ఆగడం న్యాయం. యోరుబా లెక్క ఇరవై మీద నడుస్తుంది, అందులోనూ తీసివేత మీద నడుస్తుంది. పదకొండు నుంచి పద్నాలుగు వరకు పదికి కలుపుతూ పోతారు. పదిహేను దగ్గర దారి మారి ‘ఇరవైకి అయిదు తక్కువ’ అవుతుంది, పదహారు ‘ఇరవైకి నాలుగు తక్కువ’. సంస్కృతం నుంచి వచ్చిన ‘ఏకోనవింశతి’ తెలిసిన తెలుగు పాఠకులకు ఈ పద్ధతి కొత్త కాదు, కానీ యోరుబాలో ఇది ఒక్క తక్కువతో ఆగదు. నలభై అంటే రెండు ఇరవైలు, అరవై అంటే మూడు ఇరవైలు. యాభై అంటే అరవైకి పది తక్కువ. నలభై అయిదు అంటే ఆ యాభైకి అయిదు తక్కువ. మూడు ఇరవైలలోంచి పది తీసి, మళ్లీ అయిదు తీస్తే నలభై అయిదు వస్తుంది. రెండు వందలకు ‘ఇగ్బా’ అని విడిగా మాట ఉంది, పెద్ద లెక్కలన్నీ దాని మీద కడతారు. దీని వెనుక గవ్వల లెక్కింపు ఉందని 1887లోనే అడాల్ఫస్ మాన్ అనే మిషనరీ వివరించాడు. సంచీ బోర్లించి, గవ్వలను అయిదేసి చొప్పున లాగి, ఇరవైల కుప్పలు చేసి, వాటిని రెండు వందల కుప్పలుగా పోసేవారు. డబ్బుగా చెలామణి అయిన ఆ గవ్వలలో ఎక్కువ భాగం మాల్దీవుల నుంచి హిందూ మహాసముద్రం మీదుగా ఐరోపా ఓడలలో పశ్చిమ ఆఫ్రికాకు చేరినవే, ఆ ఓడలు అక్కడి నుంచి మోసుకుపోయింది మనుషులను. నేటి బడి పిల్లలు ఎక్కువగా ఇంగ్లిషు అంకెలే వాడుతున్నారు. ఇంత నిశితమైన మనోగణితం వాడుక తగ్గి పెద్దల దగ్గరే మిగలడం బాధాకరం.

పడమట సరిహద్దుల కథ వేరు. 1889 ఆగస్టులో ఇంగ్లండు, ఫ్రాన్సు ఒక ఒప్పందంతో లాగోస్‌కూ డహోమీకీ (నేటి బెనిన్ దేశం) మధ్య హద్దు గీసుకున్నాయి. ఆ హద్దు యోరుబా రాజ్యాల మధ్య నుంచి పోయింది. కేటు, సావే రాజ్యాలు ఫ్రెంచి వైపు పడ్డాయి. అంతకు మూడేళ్ల ముందే, 1886లో, డహోమీ సైన్యం కేటు నగరాన్ని ధ్వంసం చేసి జనాన్ని బందీలుగా తోలుకుపోయింది. ఇప్పుడు బెనిన్ దేశంలో సావే ప్రాంతపు చాబే, దాసా–జూమే వైపు ఇడాచా, పోబే వైపు ఇజె, ఇంకా ఇచా, నాగో, టోగోలో అటాక్పామే చుట్టూ ఇఫె మాట్లాడతారు. భాషలకు సంకేతాలిచ్చే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 639–3 వీటిలో ఒక్కొక్కదానికి వేర్వేరు సంకేతాలిచ్చింది. ఇలె–ఇఫె పేరును మోస్తూ, అక్కడి నుంచి వలస వచ్చామని చెప్పుకునే టోగో ఇఫె వారిది ఆ లెక్కలో స్వతంత్ర భాష, నైజీరియాలోని అసలు ఇఫె ఊరి మాట మాత్రం యోరుబాలో మాండలికం. బెనిన్ నాగోలో చాలా భాగం నైజీరియా యోరుబా వారికి పెద్ద కష్టం లేకుండా అర్థమవుతుంది. ఎకిటి, ఓండో పల్లెల మాట ఓయో వారికి అంత తేలిక కాదు. మొదటిది వేరు భాష, రెండోది మాండలికం ఎందుకయ్యాయి? సరిహద్దుకు ఇటు నైజీరియా వైపు ప్రామాణిక యోరుబా బడిలో, చర్చిలో, మసీదులో, రేడియోలో అందరి మీదా కప్పు వేసింది. అటువైపు ఆ కప్పు లేదు, పైన ఉన్నది ఫ్రెంచి.

రాత కూడా విడిపోయింది. నైజీరియాలో విశాలమైన ఎ, ఒ అచ్చులకు కింద చుక్క పెడతారు. బెనిన్ జాతీయ వర్ణమాల వాటికి వేరే అక్షరాలు వాడుతుంది. నైజీరియా రాతలో ‘ప’ అక్షరంతో సూచించే జంట హల్లును బెనిన్‌లో క, ప అక్షరాలు రెండూ కలిపి రాస్తారు. ఒకే మాటను రెండు దేశాల పిల్లలు రెండు రకాలుగా నేర్చుకుంటున్నారు. బంధుత్వం చెవికి తెలుస్తుంది కానీ కంటికి కనిపించదు. ఒక దేశంలో అచ్చయిన పుస్తకాలు మరో దేశంలో చదవదగినవి కావాలంటే ఈ రెండు రాతలూ దగ్గర కావడం అవసరం. ఇది భాషావేత్తలు ఎప్పుడో చేయగలిగిన పని, ప్రభుత్వాలు పట్టించుకోవలసిన పని.

సముద్రం దాటినవారు మరో మూడు పేర్లు మిగిల్చారు. క్యూబాలో వీరిది లుకుమి, బ్రెజిల్‌లో నాగో, అక్కడి కాండోంబ్లె ఆరాధనలో ఒక ప్రధాన సంప్రదాయానికి కేటు పేరే ఉంది. 1835 జనవరిలో బ్రెజిల్‌లోని సాల్వడార్ నగరంలో బానిసలు లేవదీసిన మాలె తిరుగుబాటులో నాగో ముస్లిములదే పెద్ద పాత్ర. క్యూబాలో లుకుమి ఇప్పుడు పూజలో, పాటలో మాత్రమే బతికి ఉంది. స్పానిష్ ఉచ్చారణలో స్వరస్థాయి చెదిరిపోయింది. ఆఫ్రికాలోనే, నైజర్‌కు పడమట డెల్టా రాష్ట్రంలో, ఉగ్బోడు తదితర గ్రామాలలో ఇగ్బో పలుకుల మధ్య ఒలుకుమి అనే చిన్న భాష మిగిలి ఉంది. రెండు పేర్ల పోలిక పరిశోధకులను ఎప్పటి నుంచో ఆకర్షిస్తోంది. ‘నా మిత్రుడు’ అన్న సంబోధన నుంచి రెండూ వచ్చాయన్నది ప్రచారంలో ఉన్న వివరణ. ఒలుకుమి వారందరికీ ఇగ్బో వస్తుంది. బజారులో, పెళ్లి సంబంధాల్లో, బడిలో అదే గెలుస్తోంది. వార్రిలో ఇత్సెకిరికి పోటీ పొరుగు భాషలకన్నా, ఇంగ్లిషు ఆధారంగా పుట్టిన మిశ్రమ భాష నైజీరియన్ పిడ్జిన్ నుంచి ఎక్కువ. నగరంలో పుట్టిన పిల్లలకు ఆటల భాష అదే.

చట్టం చూపు కూడా పెద్ద భాషల మీదే ఉంది. నైజీరియా 1999 రాజ్యాంగంలోని 55వ సెక్షను జాతీయ శాసనసభ వ్యవహారాలు ఇంగ్లిషులోనూ, తగిన ఏర్పాట్లు చేశాక హౌసా, ఇగ్బో, యోరుబాలలోనూ జరపవచ్చంటుంది. 1977 జాతీయ విద్యా విధానం కూడా ఈ మూడింటినే ప్రధాన భాషలుగా నిలబెట్టింది. 1970లో ఇలె–ఇఫెలో విద్యావేత్త బాబ్స్ ఫాఫున్వా ప్రారంభించిన ప్రయోగంలో ప్రాథమిక విద్య ఆరేళ్లూ యోరుబాలో సాగింది. ఇంగ్లిషును ఒక పాఠ్యాంశంగా నేర్చుకున్న ఆ పిల్లలు ఇంగ్లిషులో కూడా ఇతరులకు తీసిపోలేదు. సొంత భాషలో చదివితే పిల్లలు వెనకబడతారన్న భయానికి ఇంతకన్నా మంచి జవాబు ఉండదు. ఇగలా పిల్లలకూ, ఇత్సెకిరి పిల్లలకూ, అకోకో కొండల పిల్లలకూ అటువంటి ఆరేళ్లు దక్కలేదు.

అకోకో గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఓండో రాష్ట్రం ఈశాన్య మూలన ఉన్న ఈ కొండ ప్రాంతంలో ఊరు దాటితే మాట మారుతుంది. 19వ శతాబ్దంలో నుపె సైన్యాల దాడుల నుంచి తప్పించుకోవడానికి ఈ రాతి కొండలు ఎందరికో ఆశ్రయమిచ్చాయి. ఇక్కడ అరిగిడి, ఎరుషు, అఫా, ఒగె, ఉడో, ఒయిన్, ఉరో, ఇగాషి వంటి ఊరికొక పలుకుబడి ఉంది. యోరుబాయిడ్‌నూ ఈ అకోకో గుంపునూ కలిపి 1989లో భాషావేత్త హూంక్‌పాటి కాపో డెఫాయిడ్ అనే పెద్ద శాఖగా వర్గీకరించాడు. ఆ తరువాత కొందరు దీనిని సందేహించారు. అకోకో భాషల్లో యోరుబాను పోలిన మాటలు తల్లిభాష నుంచి వచ్చినవా, వందల ఏళ్లు పక్కపక్కన బతకడం వల్ల యోరుబా నుంచి అరువొచ్చినవా అన్నది తేల్చడం కష్టం. ఈ ఊళ్లలో బడి, చర్చి, మసీదు, సంత అన్నీ యోరుబాలోనే నడుస్తాయి. చిన్నపిల్లలు ఇంట్లోనూ యోరుబాలోకి మారుతున్నకొద్దీ అరువు మాటలు పెరిగి, పాత మాటలు జారిపోతాయి. ఈ గుంపు డెఫాయిడ్‌లో ఉండాలా వద్దా అన్న ప్రశ్నకు జవాబు ఇగలా ‘ఎగ్వా’ లాంటి అరుగని పాత రూపాల్లోనే దొరకాలి. శరీరభాగాల పేర్లు, సంఖ్యలు, పొలం మాటలు, క్రియల రూపాలు ఊరూరా ముసలివారి నోట స్వరస్థాయితో సహా రికార్డు చేయడం అందుకు మొదటి పని. దానికి పెద్ద ఖర్చు కాదు. కావలసింది విశ్వవిద్యాలయాలలో చదువుకుంటున్న అకోకో యువకులు తమ ఊరి మాటను పరిశోధనాంశంగా ఎంచుకోవడం, అలా ఎంచుకున్నవారికి నైజీరియా విద్యాసంస్థలు డబ్బూ సమయమూ ఇవ్వడం.